భోషాణం గారి మంత్రాలు

ఆ హోటల్లో దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే విభాగానికి ఆవిడే పెద్ద. అది నేల కింది అంతస్తులో, కిటికీ అన్నది లేని పొడుగాటి హాలు. ఒక పక్క వరసగా ఉతుకు యంత్రాలు, ఇంకో పక్క దుప్పటిని తడిగా మింగి పొడిగా కక్కే ఇస్త్రీ రోలరు, మధ్యలో ఎప్పుడూ ఎవరి కాలికో ఒకరి కాలికి తగిలే చక్రాల బండ్లు. అక్కడ పనిచేసేవాళ్లు ఆవిణ్ణి ఎదురుగా మేడమ్ అనేవాళ్లు, వెనకాల భోషాణం అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసిన మొదట్లో రెండు రోజులు మొహం మాడ్చుకుంది. తర్వాత అద్దంలో చూసుకుని, "ఆకారం చూసి పెట్టారా, బుద్ధి చూసి పెట్టారా?" అని తనని తానే అడిగి, రెండూ అయ్యుంటాయని సరిపెట్టుకుంది.

బుద్ధి మాత్రం నిజంగా భోషాణమే. హాలు చివర ఒక ఇనప బీరువా ఉండేది, తాళం చెవి ఆవిడ నడుముకి ఉండేది. అందులో ఇంతవరకూ ఏ అతిథి వీపూ తగలని మేలురకం తెల్ల దుప్పట్లు ఉండేవి. "పెద్ద రోజు వస్తుంది, అప్పుడు తీద్దాం" అనేది. పెద్ద రోజులు వచ్చాయి, పోయాయి. ప్రతిదానికీ ఆవిడ పెదవి విరిచి, "ఇంతకంటే పెద్దది రావచ్చు" అనేది. ఇంట్లోనూ అంతే. మంచి పింగాణీ కప్పులు అట్టపెట్టెలోనే ఉండేవి. ఇంటాయన మాత్రం చెవి విరిగిన కప్పులో టీ తాగేవాడు. ఆయన పళ్ల డాక్టర్లకి కట్టుడుపళ్లు తయారుచేసే పనివాడు. ఎవరి నోటికి ఏది సరిపోతుందో చూసి చెక్కే మనిషి కాబట్టి, ఇంట్లో తన నోరు ఎంత తెరవాలో కూడా ఆయనకి బాగా తెలుసు.

సెలవుల విషయంలో అయితే ఆవిడ తన్ను తాను మించిపోయింది. ఏళ్ల తరబడి ఒక్క సెలవూ వాడకుండా పోగేసింది. ఆదివారాలు కూడా పనికి వెళ్లేది. "ఉద్యోగం మానేశాక అన్నీ కలిపి ఒకేసారి పడుకుంటా" అనేది, నిద్ర అంటే బ్యాంకులో వేసుకుని వడ్డీతో తీసుకునే సొమ్మన్నట్టు.

అలాంటి మనిషికి కొత్త మేనేజరు వచ్చి పిడుగులాంటి మాట చెప్పాడు. అతను వయసులో ఆవిడకంటే చాలా చిన్న. "మేడమ్, పాత సెలవులు ఇక ముందుకి సాగవు. ఏ ఏడాదివి ఆ ఏడాదే వాడుకోవాలి. పోయినవి పోయినట్టే."

"పోవడమేంటి? నేను దాచుకున్నవి కదా!"

"దాచుకోమని ఎవరూ చెప్పలేదండీ. ముందు ఆదివారాలు రావడం మానేయండి."

ఆ విధంగా, జీవితంలో మొదటిసారి, ఆవిడ చేతిలో ఒక ఆదివారం పడింది. మధ్యాహ్నమయ్యేసరికి దాన్ని ఏంచేయాలో తెలియక ఇంట్లో ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికింది. చూడలేక ఇంటాయన, "మీ తమ్ముడింటికి పోదాం రా. ఆదివారాలు నేను వెళ్లేది అక్కడికే" అన్నాడు.

తమ్ముడింట్లో ఏదో ఆట ఆడతారని ఆవిడకి తెలుసు. పేకాట అనుకుంది ఇన్నాళ్లూ. వెళ్లి చూస్తే పెద్ద భోజనాల బల్ల మీద చేత్తో గీసిన పటం, రకరకాల ముఖాల పాచికలు, బొత్తాలంత మనుషుల బొమ్మలు. అది మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, "నేను తలుపు తన్నుతున్నా", "నేను గోడెక్కుతున్నా" అని చెబుతారు. పని జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ నడిపేది తమ్ముడు. మరదలు గొడ్డలి పట్టిన యోధురాలు. పై వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ దొంగ. ఇంటాయన గాయాలు మాన్పే సాధువు. ఆయన అక్కడ గలగలా మాట్లాడుతుంటే ఆవిడ నోరెళ్లబెట్టింది. ఇంట్లో ఏడాదికి వాడే మాటలన్నీ ఆయన ఆ బల్ల దగ్గర ఒక్క పూటలో ఖర్చుపెట్టేస్తున్నాడు.

"అక్కా, మాకు మంత్రగత్తె లేదు. నువ్వవుతావా?" అన్నాడు తమ్ముడు.

"దానికి మీ వదిన..." అని ఇంటాయన ఏదో అనబోయి, తను మాట్లాడుతున్నది బావమరిదితోనని గుర్తొచ్చి, "మీ అక్క పుట్టడమే ఆ పాత్రలో పుట్టింది" అన్నాడు.

కథ సులువుగానే ఉంది. కొండమీది కోటలో ఒక రాక్షసరాజు. గంటలు పోతపోసే ముసలాయన్ని ఎత్తుకుపోయి బంధించాడు. ఆయన్ని విడిపించాలి. మంత్రగత్తెకి రోజుకి ఇన్నని మంత్రాలుంటాయి. వాడితే అయిపోతాయి. రాత్రంతా ఒళ్లెరగకుండా నిద్రపోతే మళ్లీ వస్తాయి. మధ్యలో కాసేపు కూర్చుని కాళ్లు చాపుకుంటే గాయాలు కాస్త తగ్గుతాయి కానీ పెద్ద మంత్రాలు తిరిగిరావు. వీటికి తోడు ప్రాణం నిలిపే కషాయం సీసాలు కొన్ని. ఆవిడ చేతికి ఇదంతా రాగానే కళ్లు మెరిశాయి. పొదుపు చెయ్యడానికే పుట్టిన ఆటలా కనిపించింది.

మొదటి పోరు తోడేళ్లతో. మరదలు గొడ్డలి తిప్పుతోంది, సాధువు కాలు తోడేలు నోట్లో ఉంది.

"అక్కా, నీ వంతు. నిప్పుల వాన కురిపిస్తావా?"

"తోడేళ్లకా? వద్దు. కర్రతో కొడతా."

పాచిక వేసింది. కర్ర తోడేలుకి తగల్లేదు, ఎలక్ట్రీషియన్‌కి తగిలింది.

గుహలో గబ్బిలాల గుంపు వచ్చింది. "కర్రతో కొడతా." వంతెన దగ్గర కాపలా భటులు వచ్చారు. "కర్రతో కొడతా." సాయంత్రానికి అందరూ చింకి పాతల్లా అయ్యారు. ఆవిడ మంత్రాలు మాత్రం మడత నలగలేదు. రాత్రి విడిది చేసి పాత్రలన్నీ నిద్రపోయాయి. తెల్లారింది.

"సరే, నిన్నటివి ఇవాళ్టివి కలిపితే నాకిప్పుడు రెండింతలు" అంది ఆవిడ ధీమాగా.

తమ్ముడు తల గోక్కున్నాడు. "కలవవు అక్కా."

"అంటే?"

"నిన్న వాడనివి పోయినట్టే. ఇవాళ మళ్లీ మొదటినుంచి."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "మా మేనేజరు గానీ నీకు ఫోన్ చేశాడా?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పొదుపు అన్నదానికి విలువే లేని లోకం ఏం లోకమని పావుగంట వాదించింది. తమ్ముడు వినలేదు. చిన్నప్పుడు తన మిఠాయి పొట్లాన్ని అక్క అటక మీద దాచిపెట్టి, చివరికి చీమలకి అప్పగించిన సంగతి వాడు మర్చిపోలేదేమో.

అయినా బుద్ధి మారితే అది భోషాణం ఎందుకవుతుంది? కోట మొదటి ద్వారం దగ్గర అసలు ప్రమాదం వచ్చింది. గేటు కాచే రాతిమనిషి సాధువుని ఎత్తి నేలకి కొట్టాడు. తమ్ముడు గొంతు తగ్గించి, "బావ ప్రాణం కొట్టుమిట్టాడుతోంది. అక్కా, నీ సంచిలో కషాయం ఉంది. నీ దగ్గర మంత్రాలన్నీ ఉన్నాయి. ఏం చేస్తావ్?" అన్నాడు.

ఆవిడ సంచి వైపు చూసింది. రాతిమనిషి వైపు చూసింది. లోపల ఇంకా రాక్షసరాజు ఉన్నాడు కదా అనుకుంది. "ముందు ముందు ఇంకా పెద్ద అవసరం పడొచ్చు" అని పైకే అంది. "మీరు ఒక్కసారి పాచిక వేసి చూడండి. తట్టుకుంటారేమో."

ఇంటాయన ఆవిణ్ణి ఒక్క క్షణం చూసి పాచిక వేశాడు. తట్టుకోలేదు.

మరదలు మెల్లగా సాధువు బొమ్మని పడుకోబెట్టింది. ఎలక్ట్రీషియన్, "అక్కగారూ, ఆ కషాయం ఇప్పుడు దినానికి పనికొస్తుందేమో చూడండి" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ఇంటాయన దారంతా మౌనంగా ఉన్నాడు. ఉండేది ఎప్పుడూ మౌనంగానే, కానీ ఆ మౌనానికి ఇవాళ కాళ్లూ చేతులూ వచ్చినట్టుంది. వీధి మలుపులో ఆవిడే ఆగింది.

"ఆటేగా! నిజంగా చచ్చిపోయారా ఏంటి?"

"లేదు."

"మరి?"

"తట్టుకుంటారేమో అన్నావు చూడు, అది బాగుంది."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. ఇంటికెళ్లి అట్టపెట్టె విప్పి, పింగాణీ కప్పు ఒకటి కడిగి ఆయనకి టీ ఇచ్చింది. ఆయన కప్పుని తిప్పి తిప్పి చూసి, "నేను చచ్చాక గానీ ఇది బయటికి రాలేదన్నమాట" అన్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. దాచి దాచి దయ్యాల పాలు చెయ్యడమంటే ఇదే కాబోలు, దయ్యం ఎదురుగా కూర్చుని టీ కూడా తాగుతోంది అనుకుంది.

ఇక ఒట్టు పెట్టుకుంది. వచ్చే ఆదివారం పిసినారితనం చెయ్యను, చేతిలో ఉన్నది ఉన్నట్టు వాడేస్తాను. ఆవిడ ఏ పని చేసినా కొస ముట్టేదాకా చేస్తుంది. అదే వచ్చిన చిక్కు.

ఆ ఆదివారం ఇంటాయన కొత్త పాత్రతో వచ్చాడు. ఈసారి పాటగాడు. "ఎవరి కషాయం మీదా ఆధారపడని మనిషి" అని పరిచయం చేసుకున్నాడు. రెండో ప్రాకారం తలుపు తెరవగానే చీకట్లో పచ్చటి కళ్లు కనబడ్డాయి.

"నిప్పుల వాన!" అని అరిచింది ఆవిడ, ఎవరూ అడక్కముందే.

"అక్కా, అవేంటో ముందు..."

"మెరుపు కూడా! ఆ తర్వాత మంచు గోడ!"

పాచికలు గలగలమన్నాయి. పొగ తేలిపోయింది. తమ్ముడు బొమ్మలు సర్దుతూ, "మేకలు" అన్నాడు.

"రాక్షస మేకలా?"

"మామూలు మేకలు. వంటశాలవి."

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు, మేకల మీద మూడు బ్రహ్మాస్త్రాలు వేసిన ఘనత మాత్రం తనకే దక్కుతుందని ఆవిడకి అర్థమైంది. చేతిలో ఇక దీపం వెలిగించే చిన్న మంత్రం తప్ప ఏమీ లేదు. ఖాళీ చేతులు చూసుకోగానే ఆవిడకి భయమేసింది. ఎన్నేళ్లుగానో ఎరగని భయం అది.

"నిద్రపోదాం" అంది.

"ఇప్పుడా? కోటలోకొచ్చి ఇంకా మెట్టు కూడా ఎక్కలేదు, వదినా!" అంది మరదలు.

"మంత్రాలు లేకుండా నేను అడుగు వెయ్యను. ఆ కొట్టుగదిలో దూరి తలుపేసుకుని పడుకుందాం. తెల్లారాక చూసుకుందాం."

పాటగాడు, దొంగ కూడా వద్దన్నారు. కాసేపు కూర్చుని గాయాలు కట్టుకుని కదలాలి, శత్రువు ఇంట్లో గుర్రుపెట్టి పడుకోకూడదన్నారు. ఆవిడ వినలేదు. మంత్రగత్తె కదలనంటే మిగిలినవాళ్లకి వేరే దారి లేదు. పడుకున్నారు. లోకం మాత్రం పడుకోలేదు. మెరుపులూ మంటలూ చూసిన రాక్షసరాజు రాత్రికి రాత్రే గంటల ముసలాయన్ని అగాధం మీది వంతెన దాటించి అవతలి బురుజుకి మార్చేశాడు. మెట్ల మీద కాపలా రెట్టింపు చేశాడు. తెల్లారి వీళ్లు కళ్లు నులుముకుంటూ వెళ్లేసరికి చెరసాల గది ఖాళీ. మూలన ఎండుగడ్డి ఇంకా వెచ్చగా ఉంది.

"మొన్న వాడక చంపారు, ఇవాళ వాడి ముంచారు" అన్నాడు ఎలక్ట్రీషియన్. "అక్కగారూ, మధ్యలో ఏదైనా ఉంటే చూడండి. మా కరెంటు పనిలో అయితే ఫ్యూజ్ అని ఒకటి ఉంటుంది."

ఆవిడకి కోపం రావలసింది. రాలేదు. అతను చెప్పింది నిజమని తనకీ తెలుస్తూనే ఉంది.

ఆ వారంలోనే హోటల్‌కి పెద్ద రోజు వచ్చింది, ఈసారి పెదవి విరవడానికి వీల్లేనంత పెద్దది. ఏదో డాక్టర్ల సభ. పై అంతస్తులన్నీ నిండిపోతున్నాయి. సరిగ్గా ఆ పొద్దున్నే వీధిలోని నీళ్ల గొట్టం పగిలి, ఉతుకు యంత్రాలన్నీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మాసిన దుప్పట్లు బండ్లలో గుట్టలు పడ్డాయి. మేనేజరు మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు.

"మేడమ్, పరుపుల మీదకి ఏమీ లేవు! మధ్యాహ్నానికల్లా దిగిపోతారు వాళ్లు!"

ఆవిడ తొందరపడలేదు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన క్షణం ఇది. నడుముకున్న తాళం చెవి తీసి, పదిమంది చూస్తుండగా నింపాదిగా ఇనప బీరువా తెరిచింది. తెల్లటి దొంతరలు, అంచుకి అంచు. "అందుకే అనేది, దాచుకోవాలని" అంది. భోషాణం అని పిలిచిన నోళ్లన్నీ మూతపడ్డాయి. ఆ మౌనాన్ని ఆవిడ తనివితీరా అనుభవించింది.

ఇస్త్రీ చేసే ఆయన పై దుప్పటి తీసి విదిలించాడు. మడత పడ్డ ప్రతిచోటా పసుప్పచ్చటి చార. అడ్డంగా, నిలువుగా, పొలం గట్లలాగా. రెండోది విప్పాడు. అదీ అంతే. గుడ్డ అన్నది వాడకుండా ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే మడత దగ్గర పాకం పట్టినట్టు రంగు తిరుగుతుంది. ఆ సంగతి అక్కడ పనిచేసే ప్రతివాళ్లకీ తెలుసు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి ఆవిడే చెప్పేది కూడా. తన బీరువాకి మాత్రం అది వర్తించదనుకుంది.

"ఉతికితే పోతుంది మేడమ్" అన్నాడు ఇస్త్రీ ఆయన, ఓదార్పుగా.

"నీళ్లుంటే" అంది ఆవిడ.

వేరే దారి లేక ఆ చారల దుప్పట్లే వేశారు. ఎవరో డాక్టరు గది ఊడ్చే అమ్మాయిని పిలిచి, ఈ గళ్లేమిటని అడిగాడట. ఆ అమ్మాయి తడుముకోకుండా, "కొత్త డిజైనండీ" అందట. ఆయన బాగుందన్నాడట. ఈ మాట కిందికి చేరేసరికి ఆవిడ మాసిన బట్టల గుట్ట మీద కూలబడి ఉంది. విన్నది విన్నట్టే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతున్న ఆవిణ్ణి చూసి మిగిలినవాళ్లకి ధైర్యం వచ్చి వాళ్లూ నవ్వారు. ఇస్త్రీ ఆయన నవ్వాపుకోలేక, "భోషాణం గారూ" అని ఎదురుగానే అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"పరవాలేదులే. వెనకాల అనడానికి నువ్వూ ఎంతకని ఓపిక పడతావ్" అంది ఆవిడ.

సాయంత్రం మేనేజరు దగ్గరికి వెళ్లి వారం సెలవడిగింది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎవరో పోయారనుకుని. "అంతా క్షేమమేనా మేడమ్?"

"క్షేమమే. పడుకుందామని."

పడుకోవడం అనుకున్నంత సులువు కాదని ఆ వారం తెలిసింది. పొద్దున్నే మెలకువ వచ్చేసేది. మంచం మీదే ఉండి, విశ్రాంతి తీసుకోవాలి, విశ్రాంతి తీసుకోవాలి అని పళ్లు బిగబట్టేది. బిగబట్టిన దవడ నొప్పెట్టేది. ఇంటాయన చూసి, "ఇలాగే ఇంకో రెండ్రోజులు విశ్రాంతి తీసుకుంటే నీకో పళ్ల సెట్టు చెయ్యాల్సొస్తుంది" అన్నాడు. లేచి వంటింటి అరలన్నీ దులిపింది. కిటికీ తెరలు విప్పి ఉతికింది. ఆదివారానికి, ఉద్యోగానికి వెళ్లిన వారాల కంటే ఎక్కువ అలిసిపోయి తమ్ముడింటికి చేరింది.

ఆ రోజు ఆట మాత్రం బాగా ఆడింది. మెట్ల మీద కాపలాదారులు మీదపడితే, ఒక మెరుపు వేసి ఆగింది. రెండోది వెయ్యాలని చెయ్యి దురద పెట్టింది, వెయ్యలేదు. మరదలు గొడ్డలితో మిగతాది చూసుకుంది. పాటగాడికి గాయమైతే ఎవరూ అడక్కముందే కషాయం సీసా మూత తీసింది.

"ఇది నిజంగానే నాకా?" అన్నాడు ఇంటాయన.

"తాగండి. మళ్లీ మనసు మారుతుంది."

బురుజు కింద అందరూ ఆగారు. ఇంకా కొన్ని మంత్రాలు మిగిలే ఉన్నాయి, గాయాలు మాత్రం చాలానే ఉన్నాయి. ఆవిడే ఆలోచించి చెప్పింది. "రాత్రంతా వద్దు. కాసేపు కూర్చుందాం. కట్లు కట్టుకుని వెంటనే కదులుదాం. మిగిలినవి పైన పనికొస్తాయి."

తమ్ముడు పెన్ను పక్కన పెట్టి అక్కని తేరిపార చూశాడు. "అలాగే. కాసేపు విశ్రాంతి. అందరూ గోడకి చేరబడ్డారు. బయట గాలి. ఎక్కడో దూరంగా గంట మోగుతోంది..."

వాడికి చిన్నప్పటినుంచీ కథ చెప్పేటప్పుడు గొంతు మెత్తబడే అలవాటుంది. ఆవిడ మంత్రగత్తెతో పాటు తనూ కుర్చీలో వెనక్కి వాలింది. పాత్రలో లీనమవ్వాలంటారు కదా, ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటే తప్పేముందనుకుంది.

కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ గోడ దిగి వీధిలోకి వెళ్లిపోయింది. మెడ ఒక పక్కకి పట్టేసింది. ఒంటి మీద ఎవరో శాలువా కప్పారు. బల్ల చుట్టూ అందరూ నిలబడి ఒకేసారి అరుస్తున్నారు. ఆవిడ ముందున్న పాచికలు ఇంటాయన చేతిలో ఉన్నాయి.

"ఏమైంది?" అంది.

అందరూ ఒక్కసారి ఆగారు. ఎలక్ట్రీషియన్ ఇంటాయన వైపు వేలు చూపించాడు, బడిలో పిల్లాడిలా.

"నిద్ర లేపబుద్ధి కాలేదు" అన్నాడు ఇంటాయన. "నీ వంతు వస్తూనే ఉంది. అందుకని నేనే..."

"నా మంత్రాలా?"

"ఒకటి రాక్షసరాజు మీద వేశాను. తగిలింది."

"మిగతావి?"

"ఒకటి పొరపాటున మళ్లీ ఆయన మీదే వేశాను. అప్పటికే చచ్చిపోయాడట. ఇంకోటి వంతెన మీద."

"వంతెన మీద ఎందుకు?"

"ఊరికే. ఎలా ఉంటుందో చూద్దామని."

ఇన్నేళ్ల సంసారంలో ఆయన ఒక పనిని ఊరికే చేశానని చెప్పడం ఆవిడ వినలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నుదుటి మీద చెమట. కట్టుడుపళ్ల పొడి తప్ప ఇంకేమీ అంటని మొహం మీద దొంగ సంతోషం.

"ముసలాయన?" అంది ఆవిడ.

"విడిపించాం, వదినా. ఈ పక్కనే ఉన్నాడు" అంది మరదలు. "మన దొంగే అవతలి పక్కన ఉండిపోయాడు. వంతెన కూలినప్పుడు."

"రాక్షసరాజు కుక్కలతో సహా" అన్నాడు ఎలక్ట్రీషియన్, దిగులుగా.

ఆవిడ శాలువా సర్దుకుని బల్ల మీదకి వంగింది. వంతెన ఉండాల్సిన చోట తమ్ముడు పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు. అవతల దొంగ బొమ్మ ఒక్కటే, చుట్టూ కుక్కల బొమ్మలు. తన మంత్రాల్లో దీపం వెలిగించేది ఒక్కటే మిగిలింది. తిట్టడానికి నోరు తెరిచింది కానీ తిట్టు రాలేదు, పెద్ద ఆవులింత వచ్చింది.

"తట్టుకుంటాడేమో, ఒక్కసారి పాచిక వేసి చూడవయ్యా" అంది ఎలక్ట్రీషియన్‌తో.

"అక్కగారూ!" అని అతను నెత్తి కొట్టుకున్నాడు. ఇంటాయన పకపకా నవ్వి, పాచికలు ఆవిడకి తిరిగిచ్చేశాడు.